పాడుబడ్డట్టు కట్టిన కోటను బాగుచేయడం అంటే ఏమిటి?

క్లుప్తంగా: ఇంగ్లండ్‌లోని వింపోల్ ఎస్టేట్‌లో గుట్ట మీద కనిపించే గోథిక్ టవర్ యుద్ధంలో కూలిన కోట కాదు. 18వ శతాబ్దంలో తోటకు అందం కోసం కూలినట్టే కట్టిన కట్టడం. కాలక్రమంలో అది నిజంగానే పాడైంది, తర్వాత బాగుచేశారు, 2016లో ఆ పనికి, యూరప్‌లో పాత కట్టడాల పరిరక్షణకు ఇచ్చే యూరోపా నోస్ట్రా అవార్డు వచ్చింది. శిథిలాన్ని బాగుచేస్తే అది ఇంకా శిథిలం ఎలా అవుతుందన్నది చాలామందికి వచ్చే అనుమానం. డిజైన్‌లో భాగంగా పెట్టిన విరుగు వేరు, వాన వల్ల వచ్చిన విరుగు వేరు. మొదటిది ఉంచాలి, రెండోది ఆపాలి. రెండింటినీ విడదీయడమే అసలు కష్టం.

కిటికీలోంచి కనిపించడానికే పుట్టింది

కేంబ్రిడ్జ్ ఊరికి నైరుతి దిక్కున దాదాపు 14 కిలోమీటర్ల దూరంలో వింపోల్ ఉంది. పెద్ద ఎర్ర ఇటుక మేడ, చుట్టూ వందల ఎకరాల పచ్చిక, చెట్లు, పశువులు. మేడ ఉత్తరం వైపు నిలబడి చూస్తే నేల మెల్లగా పల్లానికి దిగి, నీళ్లు దాటాక మళ్లీ గుట్టగా లేస్తుంది. ఆ గుట్ట మీద పాత కోట ఒకటి కనిపిస్తుంది: ఒక నాలుగంతస్తుల బురుజు, దానికి ఆనుకుని మొండిగోడలు, సగంలో తెగిపోయిన చిన్న బురుజులు, మొనదేలిన కమానుల కిటికీలు, వాటిలోంచి ఆకాశం. మొదటిసారి చూసినవాళ్లు ఇక్కడేదో పెద్ద యుద్ధమే జరిగిందనుకుంటారు. జరగలేదు. ఆ గోడ వెనక ఎప్పుడూ కోట లేదు, కొలువు లేదు, ముట్టడి లేదు.

ఇలాంటివాటిని ఇంగ్లండ్‌లో ఫాలీ అంటారు. ఆ మాటకు మామూలు అర్థం తెలివితక్కువ పని అనే. ఉపయోగం లేకుండా, చూపు కోసమే డబ్బు ఖర్చుపెట్టి కట్టిన తోట కట్టడాలకు ఆ పేరు స్థిరపడింది. పేరు అలా ఉన్నా ఇవి ఆలోచించకుండా కట్టినవి మాత్రం కావు. వింపోల్ విషయంలో 1749 నాటి ఉత్తరం ఒకటి మిగిలింది. జార్జ్ లిటిల్టన్ అనే పెద్దమనిషి, శాండర్సన్ మిల్లర్ అనే ఔత్సాహిక ఆర్కిటెక్ట్‌కి రాసినది. వింపోల్ యజమాని లార్డ్ హార్డ్‌విక్‌కి ఏం కావాలో అందులో స్పష్టంగా ఉంది. ఇల్లు అక్కర్లేదు, కనీసం గది కూడా అక్కర్లేదు, మేడలోంచి చూడటానికి ఒక పాత కోట గోడలు, దాని పోలిక ఉంటే చాలు. మరీ అయితే ఒక బురుజులో మెట్లు పెట్టి, పైకెక్కి నాలుగు దిక్కులూ చూసే వీలు కల్పిస్తే బాగుంటుంది.

ఇంత సూటిగా రాసిన ఆర్డర్ దొరకడం చరిత్రకారుల అదృష్టం. ఎందుకంటే 270 ఏళ్ల తర్వాత ఈ గోడలో ఏ రాయి ఉండాలి, ఏది ఉండకూడదు అని తేల్చాల్సి వచ్చినప్పుడు, దీన్ని ఎందుకు కట్టించారో తెలియడం చిన్న విషయం కాదు.

మిల్లర్ డిజైన్ ఇచ్చాడు కానీ పని వెంటనే మొదలవలేదు. దాదాపు 20 ఏళ్లు అది కాగితం మీదే ఉండిపోయింది. హార్డ్‌విక్ 1764లో చనిపోయాడు. ఆయన కొడుకు, రెండో ఎర్ల్, పార్కు మొత్తాన్ని కొత్తగా దిద్దించడానికి ఆ కాలపు ప్రసిద్ధ తోట నిపుణుడు కేపబిలిటీ బ్రౌన్‌ని 1767లో పిలిపించుకున్నాక కోట పని కదిలింది. జేమ్స్ ఎసెక్స్ అనే కేంబ్రిడ్జ్ ఆర్కిటెక్ట్ చెయ్యి కూడా పడింది. 1768లో మొదలై 1770ల తొలి ఏళ్లకు గోడలు లేచాయి. అంటే ఒకరు ఊహించిన శిథిలాన్ని ఇంకొకరు మార్చుకుని మూడోవారికి కట్టి ఇచ్చారు. ఈ సంగతి తర్వాత మళ్లీ అవసరం పడుతుంది.

డబ్బున్నవాళ్లు మొండిగోడలు ఎందుకు కట్టుకున్నారు

మన దగ్గర పాడుబడ్డ ఇల్లంటే అరిష్టం. కొత్తగా కట్టే ఇంటిని కూలినట్టు కట్టమని ఏ మేస్త్రీకి చెప్పినా నమ్మడు. మరి అక్కడ ఆ కోరిక ఎలా పుట్టింది?

మొదటి కారణం, నిజమైన శిథిలాలు ఆ దేశంలో కుప్పలు తెప్పలుగా ఉండటం. 1536-40 మధ్య ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ మూయించి, ఆస్తులు లాక్కున్నాడు. పైకప్పుల మీది సీసం పీక్కుపోవడంతో ఆ పెద్ద పెద్ద ఆలయాలు తరతరాలుగా వానలో నానుతూ నిలబడ్డాయి. ఆ తర్వాత వందేళ్లకు రాజుకూ పార్లమెంటుకూ మధ్య అంతర్యుద్ధం వచ్చింది, అందులో చాలా కోటలను మళ్లీ వాడకుండా ఉద్దేశపూర్వకంగా పగలగొట్టారు. తరాలు గడిచేసరికి ఆ గాయాల నొప్పి పోయి, వాటి ఆకారం మాత్రం మిగిలింది.

రెండో కారణం ఇటలీ. చదువు ముగిశాక సంపన్నుల పిల్లలు రోమ్ దాకా వెళ్లి రావడం అప్పటి ఆనవాయితీ. తిరిగొచ్చేటప్పుడు విరిగిన స్తంభాలు, వాటి పక్కన మేకలు కాసే కుర్రాళ్లు, సాయంత్రపు ఎండ ఉన్న పెయింటింగులు తెచ్చుకునేవాళ్లు. అలాంటి దృశ్యాలకు పేరుపడ్డ చిత్రకారుడు క్లాడ్ లొరైన్ బొమ్మలు గోడకు తగిలించుకున్నాక, కిటికీ బయట కూడా అలాంటి దృశ్యమే ఉండాలనిపించింది. 1728లో బ్యాటీ లాంగ్లీ అనే తోటల నిపుణుడు, తోటలో నడిచే బాట చివర రోమన్ శిథిలం ఒకటి కనిపించేలా చేయమని సలహా ఇచ్చాడు. ఇటుకతో కట్టి పైన రాయిలా గచ్చు చేసినా సరే, లేదంటే గుడ్డ మీద రంగులతో గీయించి నిలబెట్టినా సరే అన్నాడు. అంటే మన నాటకాల్లో తెర మీద రాజమహల్ గీసినట్టే.

మూడోది, తోటల పద్ధతి మారడం. అంతకుముందు గీత గీసినట్టు ఉండే దారులు, కత్తిరించిన పొదలు ఉండేవి. వింపోల్‌లోనే 1720ల్లో దక్షిణం వైపు వేసిన చెట్ల వరుస దాదాపు 4 కిలోమీటర్ల పొడవుంటుంది. దాని మీద చూపు దానంతటదే సాగిపోతుంది. బ్రౌన్ వచ్చాక ఉత్తరం వైపు గీతలు పోయి, ఒంపులు తిరిగే పచ్చిక, అక్కడక్కడా చెట్ల గుంపులు, నీళ్లు వచ్చాయి. గీతలు లేని చోట చూపు ఎక్కడో ఆగాలి కదా. ఆ ఆగే చోటు కోసం గుట్ట మీద ఏదో ఒకటి కావాలి. బురుజు చేసే పని అదే.

ఒక లాయర్ కొడుక్కి పాత కోట

ఇంకో కారణం కూడా ఉంది, అది వింపోల్‌కి ప్రత్యేకం. మొదటి లార్డ్ హార్డ్‌విక్ అసలు పేరు ఫిలిప్ యార్క్. డోవర్ ఊళ్లో ఒక అటార్నీ కొడుకు. చదువుతో, వాదనతో ఎదిగి 1737లో లార్డ్ ఛాన్సలర్ అయ్యాడు, అంటే దేశంలో న్యాయవ్యవస్థకు పెద్ద. వింపోల్ ఆయనకు తాతల ఆస్తి కాదు, 1740లో కొన్నది. కొత్తగా కొన్న నేల మీద పాత కోట నిలబడితే ఆ కుటుంబానికి పాతుకుపోయిన కళ వస్తుంది.

దీనికి రాజకీయ కోణం కూడా చెప్పుకోవచ్చు. 1745లో, గద్దె కోల్పోయిన స్టూవర్ట్ రాజవంశం తరఫున తిరుగుబాటు జరిగింది. అది అణిగాక పట్టుబడిన ప్రభువుల విచారణకు అధ్యక్షత వహించింది హార్డ్‌విక్కే. స్కాట్లండ్‌లో వంశపారంపర్యంగా పెద్దలు నడుపుకునే కోర్టులను రద్దు చేసిన చట్టం వెనకా ప్రధానంగా ఆయనే ఉన్నాడు. అలాంటి మనిషి 2-3 ఏళ్లు తిరక్కుండానే, భూస్వామ్య కాలపు కోట విరిగిపడి ఉన్న దృశ్యం తన కిటికీకి ఎదురుగా కావాలన్నాడు. పాత ప్రభువుల కాలం అయిపోయిందని ఆ గోడలు చెబుతున్నాయా? ఆయన అలా ఎక్కడైనా రాసుకున్నాడని చెప్పలేం కానీ, ఆ అర్థం ఆ గోడలకు అతకనిది కాదు. మిల్లర్ సొంత ఊరు దగ్గర ఎడ్జ్‌హిల్‌లో కట్టుకున్న బురుజు చూసినా ఇదే తోస్తుంది. 1642లో అంతర్యుద్ధపు తొలి పెద్ద పోరు జరిగిన కొండ అది, దాని మీద బురుజు కట్టి, ఆ యుద్ధంలో పార్లమెంటు పక్షాన గెలిచిన క్రామ్‌వెల్ చనిపోయిన సెప్టెంబర్ 3నే, 1750లో తెరిచాడు.

కూలినట్టు కట్టడం వల్లే తొందరగా కూలింది

ఇక అసలు సమస్య. 400 ఏళ్ల నాటి మేడలు గట్టిగా ఉంటే 250 ఏళ్ల బురుజు ఎందుకు పెచ్చులూడింది?

గోడకు శత్రువు వాన అనుకుంటాం. కేంబ్రిడ్జ్ ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన హైదరాబాద్ కంటే తక్కువే. ఎంత పడింది అన్నదాని కంటే ఎక్కడ పడింది, ఎంతసేపు తడిగా ఉంది అన్నదే ముఖ్యం. మామూలు ఇంటి గోడ తల మీద కప్పు ఉంటుంది, చూరు ఉంటుంది. కాబట్టి నీళ్లు గోడ ముఖాన్ని మాత్రమే తడుపుతాయి. మొండిగోడకు తల తెరిచే ఉంటుంది. పైగా అది విరిగినట్టు కనిపించాలని మెట్లు మెట్లుగా, గుంటలు గుంటలుగా కట్టారు. ప్రతి గుంటలో నీళ్లు నిలుస్తాయి. మందపాటి పాత గోడకు సాధారణంగా రెండు ముఖాల్లోనే చక్కటి రాయి ఉంటుంది. మధ్యలో ఉన్నదంతా రాళ్ల ముక్కలు, సున్నం కలిపి నింపిన పూర. పైనుంచి దిగిన నీళ్లు ఆ పూరలోకి చేరితే బయటికి రావడానికి నెలలు పడుతుంది.

ఇప్పుడు రాయి సంగతి. ఈ బురుజు ముఖానికి వాడింది క్లంచ్ అని పిలిచే స్థానిక రాయి, ఒక రకం గట్టి సుద్ద. బలపం మనకు తెలుసు, దానికంటే కాస్త గట్టిదనుకుంటే సరిపోతుంది. బాగా నానిన క్లంచ్ మీద బొటనవేలి గోరుతో గీస్తే గీత పడుతుంది, వేలికి తెల్లటి పిండి అంటుతుంది. చెక్కడానికి ఇంత హాయైన రాయి ఉండదు. అందుకే అదే జిల్లాలో ఈలీ కేథడ్రల్‌లోని లేడీ చాపెల్ లోపల అల్లిక పనిలాంటి చెక్కడాలన్నీ ఈ రాయితోనే చేశారు, 14వ శతాబ్దపువి. లోపల, నీడలో, వందల ఏళ్లు ఉంటుంది. బయట, కప్పు లేకుండా, గుట్ట మీద గాలికి నిలబెడితే వేరే కథ.

చలికాలం రాత్రి రాయి రంధ్రాల్లోని నీళ్లు గడ్డకడతాయి. నీరు మంచుగా మారితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. పొద్దున కరుగుతుంది, రాత్రి మళ్లీ గడ్డకడుతుంది. ఒక్కరాత్రిలో ఏమీ కనిపించదు. పది చలికాలాలకు రాయి ముఖం పొరలా లేస్తుంది, ఇరవైకి పొర ఊడి పడుతుంది, లోపలి మెత్తటి భాగం బయటపడి మళ్లీ మొదటికొస్తుంది. కిటికీ అంచుల చెక్కడాలు, కమాను మొనలు, బురుజు తల మీది పళ్లలాంటి గోడ, అంటే ఏవి చూసి ఇది కోట అని గుర్తుపడతామో అవే ముందుగా పోతాయి, ఎందుకంటే అవే సన్నగా, గాలికి ఎదురుగా ఉంటాయి.

దీనికి మొక్కలు తోడు. మన ఊళ్లలో గోపురం సందులో రావి మొలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, అక్కడ ఆ పని ఐవీ తీగ, గాలికి కొట్టుకొచ్చిన చెట్ల విత్తనాలు చేస్తాయి. ఇక 20వ శతాబ్దంలో ఎక్కడికక్కడ జరిగిన పొరపాటు సిమెంట్. సున్నపు గోడ చెమ్మను పీల్చి వదులుతుంది. పైన సిమెంట్ పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక పక్కనున్న మెత్తటి రాయిలోకి వెళ్లి దాన్ని తింటుంది. సిమెంట్ గట్టిగానే ఉంటుంది, దాని చుట్టూ ఉన్న రాయే కరిగిపోతుంది. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల మీద కూడా గత శతాబ్దంలో పూసిన సిమెంట్‌ని ఈమధ్య చేసిన పునరుద్ధరణలో గీకి తీసి, మళ్లీ సున్నం పని చేయించాల్సి వచ్చింది. డంగు సున్నం విలువ తెలిసిన మేస్త్రీలు తగ్గిపోవడం రెండు దేశాలకూ ఉన్న బాధే.

వీటన్నిటికీ మించి, ఉపయోగం లేకపోవడం. వింపోల్ బురుజును ఒక దశలో గేమ్‌కీపర్ ఇల్లుగా వాడారు, అంటే ఎస్టేట్‌లో వేట పక్షుల్ని, జంతువుల్ని చూసుకునే ఉద్యోగి ఉండే చోటు. మనిషి ఉన్నంతకాలం పొయ్యి వెలుగుతుంది, కారే చోట గిన్నె పెట్టి మర్నాడు బాగుచేస్తారు. మనిషి వెళ్లిపోయాక కారడం కనిపెట్టేవాడు లేడు. 1870ల నుంచి వ్యవసాయం దెబ్బతిని, 1894లో వారసత్వ ఆస్తి మీద పన్ను వచ్చి, తర్వాత రెండు ప్రపంచ యుద్ధాలు జరిగి, ఇంగ్లండ్‌లో వందల కొద్దీ మేడలే నేలమట్టమయ్యాయి. మేడ కప్పుకే డబ్బు లేనప్పుడు గుట్ట మీది మొండిగోడల గురించి ఎవరు పట్టించుకుంటారు? వింపోల్ ఆ గండం దాటింది. రచయిత కిప్లింగ్ కూతురు ఎల్సీ బాంబ్రిడ్జ్ 1938లో దాన్ని కొని, 1976లో చనిపోతూ, చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి రాసిచ్చింది.

ఎక్కడ ఆగాలి

పాత కట్టడాల మరమ్మతు గురించి బ్రిటన్‌లో 19వ శతాబ్దం నుంచే పెద్ద వాదం ఉంది. కళా విమర్శకుడు రస్కిన్ 1849లో పునరుద్ధరణ అంటేనే అబద్ధం అన్నాడు. డిజైనర్, రచయిత విలియం మారిస్ 1877లో ఏకంగా సంఘమే పెట్టి, పోయినదాన్ని ఊహించి మళ్లీ కట్టొద్దు, ఉన్నదాన్ని కాపాడండి చాలు అన్నాడు. పాత కట్టడాల పరిరక్షణ మీద నిపుణులు రాసుకున్న 1964 వెనిస్ చార్టర్ దీన్నే ప్రపంచానికి నియమంగా పెట్టింది: ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలి.

నిజమైన శిథిలానికి ఈ నియమం చక్కగా సరిపోతుంది. ఒక మఠం గోడ 1540లో కూలిందంటే ఆ కూలడమే చరిత్ర. పడిన రాయిని తిరిగి పైకి ఎక్కిస్తే ఆ సాక్ష్యం చెరిగిపోతుంది. కానీ వింపోల్‌లో తలకిందులు. అక్కడ గోడ ఎక్కడ తెగిపోవాలో 18వ శతాబ్దంలో ఒక మనిషి కాగితం మీద గీశాడు. ఆ తెగిన అంచు కూడా చెక్కిన శిల్పంలాంటిదే. ఆ అంచు నుంచి మంచుకు ఇంకో మూడు అడుగులు రాలిపోతే, చరిత్ర పెరిగినట్టు కాదు, శిల్పం ముక్కు పోయినట్టు. అలాగే వదిలేస్తే బొమ్మ మారిపోతుంది, చివరికి రాళ్లగుట్ట మిగులుతుంది. పోనీ మొత్తం చక్కగా కట్టేద్దామంటే, ఎన్నడూ లేని కోటను కొత్తగా పుట్టించినట్టవుతుంది.

అందుకే ఇక్కడ ప్రతి రాయికీ ఒకే ప్రశ్న: ఇది విరగాలని విరిగిందా, వాన వల్ల విరిగిందా? జవాబు చెప్పడానికి మిల్లర్ డిజైన్ల మీద పరిశోధన, గోడ మీద మిగిలిన ఆనవాళ్ల సర్వే ఆధారమయ్యాయి. పోయిన భాగాలను ఆ ఆధారాలను బట్టి తిరిగి పెట్టారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది, ముందు చెప్పిన సంగతి ఇప్పుడు అవసరం పడేది ఇక్కడే. మిల్లర్ గీసింది ఒకటి, బ్రౌన్, ఎసెక్స్‌ల చేతుల మీదుగా లేచింది ఇంకొకటి, తర్వాత నివాసం కోసం చేసిన మార్పులు వేరు. వీటిలో ఏది అసలు? గీత కంటే గోడకే ఎక్కువ విలువ ఇవ్వడం సబబు. కాగితం మీద ఉండి ఎప్పుడూ కట్టనిదాన్ని ఇప్పుడు కడితే అది 21వ శతాబ్దపు కట్టడమే అవుతుంది, ఎంత అందంగా ఉన్నా సరే.

నకిలీ కోట కోసం ఇంత డబ్బా అనేవాళ్లూ ఉన్నారు. నిజమైన మధ్యయుగపు కట్టడాలే సాయం కోసం చూస్తుంటే ఇదెందుకు అన్న వాదనలో బలం లేకపోలేదు. కానీ నకిలీ అన్న మాటే ఇక్కడ పొరపాటు. 13వ శతాబ్దపు కోటగా చూస్తే అది నకిలీ. 18వ శతాబ్దపు మనుషులు గతం గురించి ఏమనుకున్నారో చెప్పే సాక్ష్యంగా చూస్తే అంతకంటే అసలైనది దొరకదు. బ్రిటన్ ప్రభుత్వ రక్షిత కట్టడాల జాబితాలో దానికి రెండో గ్రేడ్‌లో స్టార్ గుర్తింపు ఉన్నది అందుకే.

మిగతా చోట్ల ఏం జరిగింది

పోల్చి చూస్తే వింపోల్ తీసుకున్న దారి ఎంత ఇరుకైనదో తెలుస్తుంది.

పారిస్‌కి పడమర, షాంబూర్సీ దగ్గర డెజెర్ ద రెత్స్ అనే తోట ఉంది. అక్కడ మోన్‌విల్ అనే సంపన్నుడు 1780 ప్రాంతంలో విరిగిన స్తంభం ఆకారంలో బురుజు కట్టించుకున్నాడు. అయితే అది వట్టి గోడ కాదు, ఇల్లు. మధ్యలో మెలి తిరిగే మెట్లు, వాటి చుట్టూ గదులు. పైన అంచు పగిలినట్టు వంకర టింకరగా ఉంటుంది, గోడ మీద పగుళ్లలా కనిపించేవి కిటికీలు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ 1786లో వెళ్లి చూసి వచ్చాడు. ఫ్రెంచి విప్లవం తర్వాత చేతులు మారి, 20వ శతాబ్దంలో నిజమైన పాడుబడ్డ స్తంభమై, అడవి కమ్మేసింది. చివరికి బాగుచేసినప్పుడు అక్కడి చిక్కు వేరు: విరిగిన అంచు విరిగినట్టే కనిపించాలి, లోపల మాత్రం చుక్క కారకూడదు.

ఇంగ్లండ్‌లోనే పెయిన్స్‌హిల్‌లో 1772లో కట్టిన శిథిల మఠం ఇటుకల మీద గచ్చు చేసినది, అంటే లాంగ్లీ చెప్పిన చవక పద్ధతి. గచ్చు ఊడితే ఇటుక బయటపడి బొమ్మ అంతా పాడవుతుంది, కాబట్టి అక్కడ గచ్చే ప్రాణం. యార్క్‌షైర్‌లో స్టడ్లీ రాయల్ యజమాని 1767లో ఇంకో పని చేశాడు, పక్కనే ఉన్న నిజమైన ఫౌంటెన్స్ మఠాన్ని కొని తోటలో కలిపేసుకున్నాడు. హేగ్లీలో మిల్లర్ వింపోల్ కంటే ముందే కట్టిన కోటను రచయిత హొరేస్ వాల్‌పోల్ చూసి, మధ్యయుగపు యుద్ధాల తుప్పు నిజంగా పట్టినట్టే ఉందని మెచ్చుకున్నాడు. ఎడ్జ్‌హిల్ బురుజు సంగతి అన్నిటికంటే సుఖం. అది ఇప్పుడు పబ్. కప్పు ఉంది, మనుషులు వస్తారు, కారితే యజమానికి ముందు తెలుస్తుంది.

ఇక ముందు

వింపోల్ బురుజుకు అలాంటి ఆదాయం లేదు. గది కూడా అక్కర్లేదని మొదట్లోనే అడిగి కట్టించుకున్న దానికి ఇప్పుడు ఉపయోగం వెతకడమూ కష్టమే. టికెట్లు, సభ్యత్వాలు, విరాళాలతో వచ్చే డబ్బులో మేడ కప్పు, పొలాలు, చెట్లు అన్నీ వాటా అడుగుతాయి. దానికి తోడు బ్రిటన్‌లో పాత కట్టడాల మరమ్మతు మీద 20 శాతం వ్యాట్ ఉంది, కొత్త ఇల్లు కట్టుకుంటే సున్నా. ఈ తేడా తీసేయమని వారసత్వ సంస్థలు ఎన్నాళ్లుగానో అడుగుతున్నాయి, న్యాయమైన కోరికే.

వాతావరణమూ మారుతోంది. 2019 జులైలో ఇదే కేంబ్రిడ్జ్‌లో 38.7 డిగ్రీల ఎండ కాసి, అప్పటికి ఆ దేశపు రికార్డయింది. ఈ ప్రాంతంలో బంకమట్టి నేలలు ఎక్కువ. మన నల్లరేగడిలాగే ఎండకు నెర్రెలిచ్చి, వానకు ఉబ్బుతాయి. మెత్తటి రాతి గోడలకు కింద నేల కదలడం, పైన ఒక్కసారిగా కుండపోత కురవడం, రెండూ కొత్త టెన్షన్లే. చలికాలాలు మెత్తబడి మంచు తగ్గితే కొంత మేలు జరగొచ్చు, కానీ గోడ తడిగా ఉండే రోజులు పెరిగితే ఆ మేలు మిగలదు.

దీనికి దొరికిన మందుల్లో ఒకటి చాలా మామూలుది. కొన్ని శిథిలాల మీద గోడ తల మీద మట్టి పరిచి గడ్డి పెంచుతున్నారు. గడ్డి వాన నీటిని పీల్చుకుని ఆరబెడుతుంది, మంచు రాత్రుల్లో దుప్పటిలా కాపాడుతుంది, సిమెంట్ కప్పులా పగలదు. మొండిగోడ మీద గడ్డి మొలిస్తే పాడుబడిందనే అంటాం. అక్కడ ఆ గడ్డిని కొలిచి, ఎంచి, పనిగట్టుకుని పెడుతున్నారు, కింద ఉన్న రాయి ఇంకో వందేళ్లు విరిగినట్టే నిలబడాలని.